అవతలి నాడె

"హలో, కురుమూర్తి జాతర ఎప్పటి నుంచి అండీ?"

ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి అలివేలు నూలును కండెకు చుడుతోంది. రాట్నం ఆపలేదు. ఆపితే పోగు సడలుతుంది.

"ఇది గుడి నంబర్ కాదమ్మా. చీరలది. గద్వాల కురుమూర్తి హ్యాండ్లూమ్స్."

"అయ్యో, గూగుల్‌లో కొడితే ఈ నంబర్ వచ్చింది. సరేగాని, మీ దగ్గర నూలు చీరలు దొరుకుతయా?"

దొరుకుతాయంది. ఎవరికని అడిగింది. అమ్మకట. అమ్మకు మోకాళ్ల నొప్పులట, బరువు చీర మోయలేదట. అయితే అంచు సన్నగా ఉన్నదే తీసుకో, కొంగు కూడా నూలుదే తీసుకో, అందంలో ఏం తక్కువ కాదు అని చెప్పింది. జాతర కోసం ఫోన్ చేసిన మనిషి చీర తీసుకుంది.

కురుమూర్తి ఆమె మామ పేరు. ఆయన పోయాక ఆయన కొడుకు, అలివేలు మొగుడు భాస్కర్ నెట్‌లో దుకాణం తెరిచి తండ్రి పేరు పెట్టాడు. పాలమూరు వైపు ఆ పేరున్న దేవుడు ఒకాయన ఉన్నాడనీ, ఫోనులో వెతికితే ముందు ఆయనే వస్తాడనీ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. జాతరకు పోయే బస్సులు కనిపించేవి. తలనీలాలిచ్చే చోటు కనిపించేది. ఈ ఇంట్లో నేసిన చీర మాత్రం కనిపించేది కాదు. సేట్లు చీరలు తీసుకోవడం తగ్గించి ఏడాది దాటింది. నెట్‌లో కనబడకపోతే మగ్గం ఆగిపోయేటట్టే ఉంది.

ఆ మగ్గం మీద ఇద్దరు పని చేయాలి. గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచు పట్టు. అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెలు మూడు: నడుమకు ఒకటి, రెండంచులకు రెండు. ఎదురుగా కూర్చున్న మనిషి నడుమ నాడె వేస్తే, అవతల పక్కన కూర్చున్న మనిషి దాన్ని అందుకుని, నూలు పోగును అంచు పోగుకు మెలేసి తిరిగి పంపాలి. మెలిక పడకపోతే అంచు అంచే, చీర చీరే. రెంటికీ మధ్య వెలుతురు కనిపిస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషిని నేతగాడంటారు. అవతల కూర్చున్న మనిషికి పేరు లేదు. అత్త హన్మమ్మ అక్కడే ముసలిదైంది. భాస్కర్ దుకాణం పనంటూ తిరగడం మొదలుపెట్టాక అలివేలు ఎదుటి పీట మీదికి వచ్చింది, అవతల మళ్లీ అత్తే కూర్చుంది. అయినా చీర తీసుకుపోయే సేటు వాకిట్లో నిలబడి "భాస్కర్ నేసిన చీర తెమ్మను" అనే అనేవాడు. ఆమె తెచ్చి ఇచ్చేది.

వనపర్తి నుంచి సుదర్శన్ అని ఒకతను వచ్చాడు. నెట్ దుకాణాలను వెతుకులాటలో పైకి తేవడం అతని పని. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అన్నా, ఈ మాటలు నీవేనా?"

"నావే. ఎందుకు?"

"నీవి కావన్నా. పది దుకాణాలల్ల ఇవే ఉన్నయి. 'సంప్రదాయం ఉట్టిపడే అపురూప సౌందర్యం' అంట. అన్ని చీరలకు గదే. కాపీ మాటలను గూగుల్ పైకి తేదు. ఇంట్ల ఎవరన్న సొంతంగ రాసేటోళ్లు ఉన్నరా?"

భాస్కర్ ఇల్లంతా కలయజూశాడు. మగ్గం మీద అలివేలు ఉంది. ఆమెను దాటి వాకిలి దాకా పోయిన చూపు తిరిగి వచ్చి ఆమె మీద ఆగింది.

"ఏమే, ఊకెనే ఫోన్ల ముచ్చట్లు పెడుతుంటవు గద ఆళ్లతోని. గవే రాయి. నీకు పనేముంది, ఇంట్లనే ఉంటవు."

పనేముంది. ఆ మాటను ఆమె చాలాకాలం నుంచి వింటోంది. అయిజలో పుట్టింట్లో తండ్రి కూడా తల్లిని అదే అనేవాడు. పొద్దున లేచి గంజి కాచి నూలుకు పెట్టి, దాన్ని ఆరేసి, పిల్లకు జడ వేసి, అత్తకు షుగరు గోలీ ఇచ్చి, అన్నం వండి, కండెలు చుట్టి, మగ్గం ఎక్కి, దిగి, చీర మడిచి, డబ్బాలో పెట్టి, చిరునామా అతికించి, మళ్లీ అన్నం వండి. ఇందులో ఏది పని, ఏది కాదు అని ఆమె ఎన్నోసార్లు అంట్లు తోముతూ ఆలోచించింది. చీర ఒకటే పనిలా తోచేది, ఎందుకంటే దానికి డబ్బు వస్తుంది. కానీ ఆ డబ్బు వచ్చే చీర భాస్కర్‌ది. అంటే నిజంగానే తనకు పనేమీ లేదేమో. అట్లా అనుకున్న రోజు ఆమెకు నవ్వు వచ్చింది. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు.

అయినా రాసింది. రాయడం ఆమెకు ఇష్టమని రాస్తుంటేనే తెలిసింది. ఇంటర్ దాకా చదివిన తెలుగు ఎక్కడికీ పోలేదు. బొటనవేలితో, కండెకూ కండెకూ నడుమ, పప్పు ఉడికేలోపు రాసింది. ఫోనులో ఆడవాళ్లు ఏం అడుగుతారో ఆమెకు తెలుసు. అపురూప సౌందర్యం ఎవరూ అడగరు. చెమటకు అంటుకుంటుందా, కింద బంతి భోజనానికి కూర్చుని లేస్తే కుచ్చిళ్లు ఊడతాయా, లావుగా ఉన్నదానికి కొంగు చాలుతుందా అని అడుగుతారు. ఒక పసుపు చీర కింద ఇట్లా రాసింది:

'నా బిడ్డకు పాలిచ్చే రోజుల్లో ఇట్లాంటి చీరే కట్టాను. నడుమంతా నూలు కాబట్టి ఒంటికి అంటుకోదు. పట్టు కొంగు బరువుగా ఉంటుంది, బిడ్డను ఎత్తుకున్నా భుజం మీది నుంచి జారదు. పాలు పడితే ఆ మేరకు చల్లనీళ్లతో తుడిస్తే చాలు. బాలింత చీర అని పక్కన పెట్టకండి. ఆ ఒక్క ఏడాదే మనల్ని ఎవరూ చూడరనుకుని ఏదో ఒకటి చుట్టుకుంటాం.'

చివరి రెండు వాక్యాలు తీసేద్దామనుకుంది. తీయలేదు.

రెండు నెలలు తిరిగేసరికి ఆ పేజీ పైకి వచ్చింది. తర్వాత మిగతావి ఒక్కొక్కటే. సుదర్శన్ మళ్లీ వచ్చి భాస్కర్‌కు చూపించాడు.

"చూడన్నా, 'చెమటకు అంటుకోని పట్టంచు చీర' అని కొట్టినా మనమే, 'పసిపిల్లల తల్లులకు చీర' అని కొట్టినా మనమే. జాతరను దాటి వచ్చినం. ఇప్పుడొక్కటే బాకీ. రాసిందెవరో పెట్టాలె. ఊరూ పేరూ లేని మాటను జనం నమ్మరు, గూగుల్ గూడ గంతే. పేరు, ఫొటో, ఈ పనిల ఎన్నేండ్ల నుంచి ఉన్నరో, అన్నీ పెట్టాలె."

అలివేలు టీ తెచ్చి నిలబడింది. ఒక్క క్షణం. ఆ క్షణంలో భాస్కర్ తల ఎత్తి తన వైపు చూస్తాడని అనుకుంది. చూశాడు కూడా.

"చక్కెర తక్కువైంది," అన్నాడు. సుదర్శన్ వైపు తిరిగి కాలరు సర్దుకున్నాడు. "నా ఫొటోనే పెట్టు. పెండ్లిలది ఉంది, మంచిగుంటది."

ఆ సాయంత్రానికి అన్ని చీరల కిందా ఒక గుండ్రటి ఫొటో వచ్చింది. దట్టమైన మీసం. పక్కన, 'రాసినది: భాస్కర్, మూడో తరం నేతకారుడు.'

పసుపు చీర కింద కూడా.

వారం కాకముందే భాస్కర్ కృష్ణవేణి చౌరస్తా నుంచి ముఖం ఎర్రగా చేసుకుని వచ్చాడు. బండి స్టాండు కూడా వేయలేదు, గోడకు ఆనించాడు.

"కావాలని రాసినవ్ గద నువ్వు!"

"ఏమైంది?"

"ఏమైందా? టీ కొట్టుకాడ అందరు ఫోన్ తీసి చదువుతుండ్రు. 'ఏం భాస్కరూ, పాలు లీటరెంత' అంటుండ్రు. 'నీ బిడ్డకిచ్చినంక మిగిలితె మాకు గూడ పొయ్యి' అంటుండ్రు. బజార్ల ఇజ్జత్ తీసినవ్!"

లోపల హన్మమ్మ నోట్లో తమలపాకు ఉంది. నవ్వు ఆపుకోబోతే పొలమారింది. కొడుకు చూస్తే మొహం గట్టిగా పెట్టుకుంది. అలివేలు మాత్రం నవ్వలేదు.

"నేను రాసినప్పుడు నా పేరు లేకుండె. పేరు పెట్టుకున్నది నువ్వు."

"ఆ పేజీ తీసెయ్యిమంట."

సుదర్శన్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. అవతల సుదర్శన్ ఉలిక్కిపడ్డాడు.

"తీస్తే పడిపోతమన్నా! సగం మంది ఆ పేజీ నుంచే వస్తుండ్రు. ఏం లేదు, జర వదిన పేరు పెట్టు. రాసింది వదినే గద. ఫొటో గూడ పెడితే ఇంకా మంచిది."

ఫోన్ పెట్టేశాక భాస్కర్ గొంతు తగ్గించాడు. అరుపు కంటే ఆ గొంతే అలివేలుకు భయం.

"ఇంటి ఆడిదాని మొహం నెట్ల పెట్టాల్నా? దారిన పొయ్యేటోడల్ల చూస్తడు. ఏం, గంత షోకా?"

"ఫొటో వద్దు. పేరు పెట్టు. ఒట్టి పేరు."

"పేరెందుకే నీకు?" అంది హన్మమ్మ, ఆకు ఊసి వచ్చి. "మీ మామ పీట మీద కూసుంటె ముసలిదాన్నయ్యేదాక నేను అవతలి నాడె వేసిన. నీ పేరేందని ఒక్కడన్న అడిగిండా? అడగకుంటె నేనేమన్న సచ్చిన్నా? మగ్గం ఎవలదో చీర ఆయినదే. కొత్తేముంది ఇందుల?"

భాస్కర్‌కు దారి దొరికింది. ఫోను తీసి తనే కూర్చుని పేజీలన్నీ దిద్దాడు. 'నేను కట్టాను' అన్న చోటల్లా 'నా భార్య కట్టింది' అని పెట్టాడు. 'నా భార్య చెప్తుంది', 'నా భార్య ఉతికింది'. కింద మీసం అట్లాగే ఉంది. అలివేలు అన్నీ చదివింది. ఇంతకుముందు ఆ మాటల్లో తను కనిపించేది కాదు, కానీ ఉండేది. ఇప్పుడు కనిపిస్తోంది. ఎవరో భార్య. చీర కట్టి, ఉతికి, ఆరేసి, మొగుడి నోటితో మాట్లాడే మనిషి. అద్దంలో వేరేవాళ్ల మొహం చూసినట్టు అనిపించి ఫోను బోర్లా పెట్టేసింది.

అప్పటి నుంచి కొత్తది రాయలేదు. అడిగితే, కండెలున్నాయంది.

"రాయకు. నువ్వు లేకుంటె ఆగిపోతదా? ఇప్పుడు కంప్యూటరే రాస్తది," అన్నాడు భాస్కర్. కంప్యూటర్ రాసింది కూడా. చకచకా రాసింది. 'సంప్రదాయం, సొగసు కలబోసిన అద్భుత కళాఖండం' అని రాసింది. కొత్త చీరలు ఒక్కటీ పైకి రాలేదు. జాతర మళ్లీ ముందుకొచ్చింది. పసుపు చీర పేజీ మాత్రం నిలబడి ఉంది. దాని మీదనే ఇల్లు గడుస్తోంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కంచంలో అన్నం పెట్టినప్పుడు అతను తల ఎత్తడం మానేశాడు.

నెల్లూరు నుంచి హెప్సిబా గారని ఒకావిడ ఆ పేజీ చదివి ఫోన్ చేశారు. ఎప్పటిలాగే ఎత్తింది అలివేలు.

"అమ్మా, నాకు ఇక్కడ చీరల షాపు ఉంది. పాలిచ్చే తల్లి చీర గురించి రాసినాయన ఉన్నారా? భాస్కర్ గారు? నేనది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించానమ్మా. మగాయనకి ఇంత మనసా అనిపించింది."

రాసింది నేను. రెండే మాటలు. నోటి దాకా వచ్చాయి. అలివేలు చేతిలో తడి నూలు ఉంది, ఎదురుగా భాస్కర్ నిలబడి ఎవరని సైగ చేస్తున్నాడు. "ఒక్క నిమిషం మేడం" అని ఫోను అతనికి ఇచ్చింది. ఇచ్చాక తన చేతిని చూసుకుంది. సేటుకు చీర తెచ్చి ఇచ్చినంత సులువుగా ఇచ్చింది. ఎవరూ గుంజుకోలేదు. రోజంతా అదే గుచ్చింది. అతను తీసుకున్నాడని కోపం పెట్టుకోవచ్చు. తను ఇచ్చిందానికి ఎవరి మీద పెట్టుకోవాలి?

హెప్సిబా గారికి అంచు కలిసే తీరు వీడియోలో చూడాలని ఉంది. తన షాపుకు వచ్చేవాళ్లందరికీ అప్పటికప్పుడు చూపిస్తారట. "మీరే నేస్తూ, మీరే చెప్పాలండీ. మీ మాటలు బాగుంటాయి" అన్నారు. నచ్చితే పండగ చీరలన్నీ ఇక్కడి నుంచే. భాస్కర్ ఇల్లంతా తిరిగాడు. నెలల తర్వాత భార్యను పేరుపెట్టి పిలిచాడు.

"అలివేలూ, నువ్వు చెప్పు నేను నేర్చుకుంట. ఏం రాసినవ్ గవి?"

ఆమె చెప్పింది. బడిపిల్లాడికి పద్యం చెప్పినట్టు చెప్పింది. చల్లనీళ్ల దగ్గర అతను తప్పు చెప్పేవాడు. మళ్లీ చెప్పించేది. ఎందుకు చెప్పానని తర్వాత అనుకుంది. పండగ చీరలు తనకూ కావాలి. కూతురు భవ్యశ్రీ చదువు తనకూ కావాలి. మాటలు పోతే పోనీ అనుకుంది. అనుకుంటే పోవడం లేదు.

ఆ రోజు పొద్దున భాస్కర్ తెల్ల అంగీ వేసుకుని మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. చాలా రోజులైంది కూర్చుని. నాడె రెండుసార్లు తడబడింది. స్టాండుకు ఫోను బిగించి, అద్దంలో చూసుకున్నట్టు తనను తాను చూసుకున్నాడు.

"నువ్వు అవతలికి రా. ఇంకా జరుగు. మొహం పడుతది, ఇంకా. ఆ, గట్ల. చెయ్యి మటుకే కనబడాలె."

అలివేలు గోడకు ఒదిగి కూర్చుంది. హన్మమ్మ గడప దగ్గర చిక్కు నూలు పట్టుకుని కూర్చుంది.

ఫోనులో హెప్సిబా గారు వచ్చారు. కళ్లజోడు, తెల్లబడిన జుట్టు. వెనక షాపులో కుర్చీలు వేసుకుని కూర్చున్న ఆడవాళ్లు. భాస్కర్ నమస్కారం పెట్టి మొదలుపెట్టాడు. నాడె వేశాడు. అలివేలు అందుకుంది, అంచు పోగుకు మెలేసింది, పంపింది. మళ్లీ వేశాడు. ఆమె మాటలు అతని గొంతులో గదిలో తిరుగుతున్నాయి. చెమటకు అంటుకోదు. కొంగు జారదు. చల్లనీళ్లతో తుడిస్తే చాలు. నెల్లూరు ఆడవాళ్లు తలలూపుతున్నారు. అతను బాగానే చెప్తున్నాడు. అదే ఇంకా కష్టంగా ఉంది.

"చివరి మాట చెప్పండి భాస్కర్ గారూ," అన్నారు హెప్సిబా గారు. "ఆ ఒక్క ఏడాదే మనల్ని ఎవరూ చూడరనుకుంటాం అని ఉంటుంది కదా. అది మీ ఆవిడ మాటే అయ్యుంటుంది. ఒకసారి ఆమెను చూపించండి. మా వాళ్లందరూ అడుగుతున్నారు."

భాస్కర్ నవ్వాడు.

"ఇంట్ల లేదు మేడం. అయిజ పోయింది, తల్లిగారింటికి."

అని నాడె వేశాడు.

అది ఎప్పటిలాగే జారుకుంటూ అవతలికి వచ్చింది. అలివేలు అందుకుంది. ఆమె చేయి ఫోనులో ఉంది, గాజులతో సహా. షాపులో అందరూ ఆ చేతినే చూస్తున్నారు. ఆ చేయి అయిజ పోయిందట. ఆమెకు కోపం రాలేదు. కోపం కంటే తేటగా ఏదో వచ్చింది. బాలింతగా ఉన్నప్పుడు చూడరనుకుంది. కోడలిగా చూడరనుకుంది. ఎదుట కూర్చుంటే చూస్తారనుకుంది, రాస్తే చూస్తారనుకుంది. ఇప్పుడు చేయి కళ్లముందే ఆడుతున్నా లేదంటున్నాడు. ఇక ఎంత పని చేసినా కనబడదు. పని ఆపితేనే కనబడుతుంది.

నాడెను ఒళ్లో పెట్టుకుంది.

మగ్గం చప్పుడు ఆగింది. భాస్కర్ నవ్వు అట్లాగే పెట్టుకుని పెదవి కదలకుండా అన్నాడు, "వెయ్."

ఆమె వేయలేదు.

"వెయ్యవే. చూస్తుండ్రు."

"ఆగిందేమండీ?" అన్నారు హెప్సిబా గారు. "అంచు దగ్గర సందు కనిపిస్తోంది. ఆ పక్కన ఎవరున్నారు?"

"ఎవరు లేరు మేడం, పని మని..."

మాట సగంలో ఆగిపోయింది. గడప దగ్గర హన్మమ్మ చేతిలో చిక్కు నూలు ఆగింది. తల ఎత్తి కొడుకును చూసింది. అతను పుట్టినప్పటి నుంచీ, కురుమూర్తి పోయేదాకా, తను కూర్చున్న చోటది.

అలివేలు చేయి చాపి ఫోనును తన వైపు తిప్పుకుంది. తనను తాను చూసుకుంది. జుట్టుకు నూలు పోగులు అంటుకుని ఉన్నాయి. దులుపుకోలేదు.

"నమస్తే మేడం. నేను అలివేలును. అయిజ పోలేదు, ఇక్కడనే ఉన్న. ఆ మాటలు రాసింది నేను. ఆ పసుపు చీర నేసింది గూడ నేనే. మొన్న ఫోన్ ఎత్తింది నేనే, అప్పుడే చెప్పవలసి ఉండె. చెప్పలే. అన్ని చీరల కింద నా పేరు పెడితెనే ఇగ రాస్త, నేస్త. మీరు చీరలు తీసుకున్నా గంతే, తీసుకోకున్నా గంతే."

భాస్కర్ పీట మీద నుంచి లేవబోయాడు. గుంతలో ఉన్న కాళ్లు తొందరగా రాలేదు. షాపులో ఎవరో గట్టిగా ఊపిరి తీశారు. హెప్సిబా గారు కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు.

"మరి ఎదుట మీరు కూర్చుంటే, ఈ పక్కన ఎవరమ్మా?"

అలివేలు జవాబు చెప్పేలోపే గడప దగ్గర నుంచి గొంతు వినిపించింది. ముసలి గొంతు, కొంచెం కోపంగా.

"నా పేరు గూడ చెప్పు. హన్మమ్మ అని."

అలివేలు చెప్పింది. ఆ తర్వాత ఒళ్లోని నాడె తీసి, పోగుకు పోగు మెలేసి, సందు మూసి, భాస్కర్ వైపు పంపింది.

"ఇగ వెయ్," అంది.